నడుస్తున్న కూలి, న్యాయమైన కూలి

సరాయి అంటే బాటసారి ఒక రాత్రి తలదాచుకొనే చోటు. ఆ మాటను పేరు చివర నిలుపుకొన్న పూర్వపు పల్లెలు దక్షిణ ఢిల్లీలో పెక్కు ఉన్నవి. నగరం పెరిగి వాటిని తనలో కలుపుకొన్నది. అట్టి వాటిలో బేర్ సరాయ్ ఒకటి. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ఆవరణకు ఎదురుగా, ఐ.ఐ.టి.కి పొరుగున ఉన్న ఈ ఇరుకు వీధులలో పుస్తకాల దుకాణాలు, జిరాక్సు కొట్లు, అద్దె గదులు కిక్కిరిసి ఉంటవి. దేశపు నలుమూలలనుండి, తెలుగు జిల్లాలనుండి కూడ, పోటీ పరీక్షలకై వచ్చిన యువకులు ఇక్కడ విడిది చేస్తారు. వారి పాఠాలు నేడు సగం పుస్తకంనుండి, సగం ఇంటర్‌నెట్టునుండి వస్తున్నవి. వెంట్రుకవంటి గాజు దారం ఆ పాఠాన్ని గదిదాకా మోసుకొని వస్తుంది. ఆ దారాన్ని నేలలో దించినవారు మరొక తరహా బాటసారులు.

వారి పని కంటికి కనబడేది కొద్ది రోజులే. ప్రభుత్వ పథకాలలో ఫైబర్ తంతికి మామూలు నేలలో విధించిన లోతు 165 సెంటీమీటర్లు. ఇంచుమించు మనిషి నిలువు. నగరంలో యంత్రం అడ్డంగా తొలిచినప్పటికీ, దానికి దారి చూపే గుంటల దగ్గర పలుచోట్ల గునపం పట్టిన మనిషి ఉండక తప్పదు. కూలి తరచు రోజు లెక్కన గాక మీటరు లెక్కన, గుత్తకు కుదురుతుంది. నేల మెత్తనయితే నాలుగు రాళ్ళు మిగులుతవి. బండ తగిలితే ఆ నష్టం గునపానిదే. పని ఇచ్చే సంస్థకు, తవ్వే మనిషికి నడుమ గుత్తేదారు, ఉపగుత్తేదారు, జమేదారు వరుసగా నిలిచి ఉంటారు.

తవ్వకానికి అనుమతి కావలె. తవ్విన రోడ్డును పూర్వస్థితికి తేవలె, లేదా అందుకయ్యే ఖర్చు కట్టవలె. 1 జనవరి 2025నుండి అమలులో ఉన్న టెలికమ్యూనికేషన్ల మార్గహక్కు నియమాలు ఈ బాధ్యతను గుర్తించినవి. గొట్టం వెల, తంతి వెల, యంత్రపు అద్దె, రోడ్డు మరమ్మతు ఖర్చు, వీటిలో దేనినీ గుత్తేదారు తన ఇష్టప్రకారం తగ్గించలేడు. అందరికంటె తక్కువకు పాడినవానికే పని దక్కే పద్ధతిలో, తగ్గించడానికి చేతికందేది కూలి ఒక్కటే. గాయపడిన రోడ్డుకు బేరం లేని వెల ఉన్నది. దానిని తవ్విన చేతికి మాత్రం బేరమే వెల.

దీనికొక సమాధానం చాల కాలంగా వినబడుతూనే ఉన్నది: కూలివాడు తనంతట తాను ఒప్పుకొన్నాడు, ఎవరూ బలవంతపెట్టలేదు అని. ఈ వాదాన్ని భారత సర్వోన్నత న్యాయస్థానం ఈ నగరపు కూలీల విషయంలోనే పరీక్షించినది. 1982 ఆసియా క్రీడలకై ఢిల్లీలో క్రీడాంగణాలు, వంతెనలు, బేర్ సరాయ్‌కి కొద్ది మైళ్ళ తూర్పున క్రీడాకారుల నివాసాలు లేచినవి. కట్టేవారికి నాటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో ఒక రూపాయి జమేదారు తన కమీషనుగా మినహాయించుకొనేవాడు. ప్రజాస్వామిక హక్కుల సంస్థ ఒకటి న్యాయమూర్తి భగవతికి వ్రాసిన లేఖ వ్యాజ్యమైనది. 1982 సెప్టెంబరులో వచ్చిన తీర్పు ప్రకారం, కనీస వేతనానికి తక్కువగా చేయించుకొన్న పని రాజ్యాంగపు 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ. ఆకలి కూడ నిర్బంధమే. గుత్తేదారుపై నెపం వేసి పని చేయించుకొన్న ప్రభుత్వ సంస్థలు తప్పుకొనడానికి వీలులేదు.

ఆ తీర్పు ఒక అడుగుమెట్టు వేసినది. అయితే మెట్టుకు దిగకుండుట వేరు, న్యాయం పొందుట వేరు. ఇతర దేశాలు వేరొక కొలతను వెదకినవి. 1891లో బ్రిటిష్ కామన్స్ సభ, ప్రభుత్వపు గుత్తపనులలో ఆ వృత్తిలో నడుస్తున్న కూలిని ఇవ్వవలెనని తీర్మానించినది. ఆ తీర్మానం 1983లో రద్దయినది. అమెరికాలో 1931 నాటి డేవిస్–బేకన్ చట్టం స్థానికంగా నడుస్తున్న కూలిని ప్రభుత్వ నిర్మాణాలకు నియమం చేసినది. 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 94వ ఒడంబడిక, పని జరిగే ప్రాంతపు కూలినే కొలతగా గ్రహించినది. వీటన్నిటి వెనుక ఉన్న భావం ఒక్కటే: ప్రజాధనం కూలి ధరను క్రిందికి తోసే బరువు కారాదు.

ఈ కొలతలోనూ చిక్కులున్నవి. అమెరికా చట్టానికి ప్రేరణ అయిన సంఘటనలో, అలబామా గుత్తేదారు ఒకడు దక్షిణాదినుండి నల్లజాతి కూలీలను తెచ్చి లాంగ్ ఐలండ్‌లో ఆసుపత్రి కట్టించినాడు. ఆ ఫిర్యాదులో కూలి పడిపోతున్నదన్న బాధ ఎంతో, పరాయివారు వచ్చినారన్న కినుక కూడ కలగలిసి ఉన్నది. తెలుగువారికి ఈ కథ క్రొత్త కాదు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని దేశమంతటా కాలువలు, ఆనకట్టలు తవ్వినారు. కరువు నేలనుండి వచ్చినవానికి అక్కడి కరువు కూలినే ఇక్కడ కట్టబెట్టుట మేస్త్రీ లాభం. పనిచేసే చోటి కూలి అన్న నియమం స్థానికుణ్ణి కాపాడినట్లే వలసవానినీ కాపాడవలె. అది తలుపుకు గడియ కారాదు.

రెండవ చిక్కు మరింత లోతైనది. ఒక చోట నడుస్తున్న కూలియే అన్యాయమైతే? నడుస్తున్నదంతా నడవదగినది కాదు. 1948 నాటి న్యాయ వేతనాల సంఘం ఈ సంగతి నెరిగి, నడుస్తున్న రేటును అనేక కొలతలలో ఒకటిగా మాత్రమే ఉంచినది. కనీస వేతనం క్రింది హద్దు. దానిలో బొట్టెడు అన్నమే గాక కొంత చదువు, వైద్యం కూడ ఇమడవలె. ఆ సంవత్సరపు కనీస వేతనాల చట్టం స్థానే 2019 నాటి వేతనాల స్మృతి 21 నవంబరు 2025న అమలులోకి వచ్చినది. చట్టం పేరు మారినా ప్రశ్న మారలేదు.

ఒక ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. భారత్‌నెట్ పథకం సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు తంతిని చేర్చదలచినది. కూలి పెరిగితే అదే ధనంతో తక్కువ ఊళ్ళకు తంతి చేరవచ్చు, మిగిలిన ఊళ్ళు వేచి ఉండవచ్చు. నిజమే. అయితే తవ్వేవాడు చాల తరచు ఆ ఊళ్ళవాడే. ఆతని కూలిలో మిగిల్చిన ధనంతో ఆతని ఊరికి తంతి వేయుట పొదుపు కాదు. అందరికంటె పేదవానిపై వేసిన పన్ను. ఆలస్యాన్ని దేశమంతా పంచుకొనవచ్చును. కోతపడిన కూలిని ఒక కుటుంబమే మోయవలె.

ఆసియా క్రీడల తీర్పు నేడు పోటీ పరీక్షల పాఠం. బేర్ సరాయ్ గదులలో దానిని కంఠస్థం చేసేవారిలో కొందరు రేపు అధికారులై టెండరు పత్రాలపై సంతకం చేస్తారు. రోడ్డు మరమ్మతుకు బేరం లేని వెల కట్టిన చేయి, ఆ పత్రంలోనే తవ్వేవాని కూలికీ బేరం లేని ఒక పంక్తి వ్రాయగలదు. అది వ్రాయడానికి కావలసిన చదువు వారికి అప్పటికే ఉంటుంది.