రోగి ఉపవాసం – దేహం హక్కు



2018లో రమజాన్ మాసం మే నడుమ మొదలై జూన్ నడుమ ముగిసింది. రోహిణి కార్తెలో విజయవాడ ఎండ సంగతి మనకు వేరే చెప్పనక్కర లేదు. ఆ ఎండలోనే బస్తాలు మోసే హమాలీలు, తోపుడు బండ్ల వ్యాపారులు 14 గంటలకు పైగా చుక్క నీరు ముట్టకుండా రోజా పాటించారు. బయట 40 డిగ్రీలు దాటినా వారి దేహం లోపల 37 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంది. ఎలా?

చర్మంలోని నరాలు వేడి కబురును మెదడుకు చేరుస్తాయి. అక్కడ హైపోథాలమస్ అనే చిన్న భాగం చెమట పట్టిస్తుంది, చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. చెమటతో నీరు పోయి రక్తం నూటికి ఒకటి రెండు వంతులు చిక్కబడితే చాలు, వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, ఒకటిన్నర లీటరు మినహా అంతా రక్తానికే తిరిగి ఇచ్చేస్తాయి. ఈ హార్మోను అందితే ఆ ఒకటిన్నరలోనూ పొదుపు చేస్తాయి. ఇక సజ్దా నుండి లేచి నిలబడినప్పుడు మెడలోని రక్తనాళం రక్తపోటు తగ్గిందని పసిగడుతుంది, గుండె వెంటనే వేగం పెంచుతుంది. మనకు తెలియను కూడా తెలియదు.

ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. వాటిని ఎత్తడానికీ దించడానికీ ఇంజనీర్లు రేయింబవళ్ళు కాపలా ఉంటారు. దేహంలోని గేట్లకు మనం కాపలా లేము. మనం నిద్రపోతున్నా అవి పని చేస్తూనే ఉంటాయి. అర్రహ్మాన్ సూరాలో అల్లాహ్ ఆకాశాన్ని ఎత్తి త్రాసును నెలకొల్పానని, ఆ త్రాసులో హద్దు మీరవద్దని హెచ్చరించాడు. ఆ త్రాసు మన లోపల కూడా ఉందనుకుంటే తప్పేముంది?

అయితే ప్రతి త్రాసుకూ ఒక మోతాదు ఉంటుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు గేట్లన్నీ ఎత్తినా నదీతీరం మునగక తప్పలేదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. షుగరు జబ్బు ఉన్న పెద్దాయన డాక్టరు వద్దన్నా రోజా ఉంటాడు. అది దైవభీతా? ఆరోగ్యవంతునికి ఆకలైతే ఇన్సులిన్ తగ్గుతుంది, కాలేయం దాచిన చక్కెరను రక్తంలోకి వదులుతుంది. కాని ఇన్సులిన్ సూదికీ, కొన్ని రకాల మాత్రలకూ వెనక్కి తగ్గడం తెలియదు. ఖాళీ కడుపున కూడా అవి చక్కెరను దించుతూనే పోతాయి. అప్పుడు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. దాన్ని నఫ్స్ బలహీనత అనుకుని పంటి బిగువున ఓర్చుకునేవారు మనలో ఎందరో! నఫ్స్ రుచిని అడుగుతుంది. ఈ వణుకు ప్రాణం కోసం దేహం పెట్టే మొర. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. చక్కెర 70 కంటే తగ్గితే రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. వేలికి సూది గుచ్చి చూసుకున్నంత మాత్రాన రోజా భంగం కాదన్నది అధిక సంఖ్యాక ఉలమాల మాట.

హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడుపుతుంటే హజ్రత్ సల్మాన్ (రజి) అడ్డు చెప్పారు. ప్రభువుకు హక్కున్నట్లే నీ ప్రాణానికీ, నీ ఇల్లాలికీ నీపై హక్కుందన్నారు. దైవప్రవక్త (సఅసం) ఆ మాట నిజమేనన్నారు. అంతటి సహాబీకే ఈ మాట వర్తిస్తే మనమెంత? రోగికి మినహాయింపును అల్ బఖర సూరాలో ఇచ్చినవాడు అల్లాహ్‌యే. ఆయన ఇచ్చిన సౌలభ్యాన్ని, నలుగురు ఏమనుకుంటారోనని తిరస్కరించడంలో భక్తి ఎంత, బిడియం ఎంత?

కోలుకునే రోగి తర్వాత ఖజా పాటిస్తాడు. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. కాబట్టి షాబాన్ నెలలోనే ఇంటి పెద్దను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి మందుల వేళల గురించి అడగండి. ఇక ఎన్నటికీ వద్దని తేలితే లెక్క ఆ రోజే వేసుకోవచ్చు. రోజాకు ఒక పేదవాని భోజనం. నెల 29 అయితే 29, 30 అయితే 30.