యాత్రయు, ఇంటి త్రోవయు

వాక్యభాగము: లూకా 2:41–52



క్రిస్మసు సమీపించునప్పుడు మన సంఘముల యౌవనస్థులు మెదకు పోవలెనని ఉబలాటపడుదురు. కొందరు పెద్దలు ఇది చూచి సంతోషింతురు. మరికొందరు, “దేవుడు మెదకులోనే యున్నాడా? మన ఊరి గుడిలో లేడా?” అని అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి వాక్యమునుబట్టి జవాబు వెదకుదము.

మొదట పెద్దల పక్షమున చెప్పవలసినది చెప్పెదను. ఆరాధన ఒక కొండకైనను ఒక పట్టణమునకైనను కట్టుబడినది కాదని ప్రభువు సమరయ స్త్రీకి బోధించెను (యోహాను 4:21–24). బేతేలునకును గిల్గాలునకును పరుగెత్తుచు గుమ్మమునొద్ద బీదలను అణగద్రొక్కిన జనులను ఆమోసు ప్రవక్త గద్దించెను (ఆమోసు 5వ అధ్యాయము). ఆలుబిడ్డలను ఇంట కష్టములో విడిచి, సొమ్ము వెచ్చించి రోమునకు పోవువారిని మార్టిన్ లూథరు 1520లో తప్పుపట్టెను. గనుక యాత్ర చేసినందున పాపము పోవుననియు, మ్రొక్కు చెల్లించినందున దేవుడు మనకు ఋణస్థుడగుననియు మనము నమ్మము. రక్షణ కృపవలననే.

అయితే మన ప్రభువు తానే యాత్ర చేసెను గదా! పండ్రెండేండ్ల ప్రాయమున తలిదండ్రులతోను బంధుజనముతోను నజరేతునుండి యెరూషలేమునకు నడిచెను. త్రోవలో జనులు పాడుకొనుటకే కీర్తనల గ్రంథములో 120 మొదలు 134 వరకు యాత్రకీర్తనలున్నవని పెద్దలు చెప్పుదురు. దేవుడు అంతటనున్నాడని ఇశ్రాయేలీయులకు తెలియదా? తెలియును. దేవుడు మరచువాడు కాడు, మనము మరచువారము. యొర్దాను దాటినప్పుడు యెహోషువ పండ్రెండు రాళ్లు నిలువబెట్టించినది దేవుని నిమిత్తము కాదు. ముందు తరమువారి పిల్లలు వాటిని చూచి, ఇవి ఎందుకని తండ్రులను అడుగవలెనని అట్లు చేయించెను (యెహోషువ 4వ అధ్యాయము).

మనకును అట్టి రాళ్లున్నవి. మెదకు గుడి కట్టడము 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురము గల ఆ మందిరమును చూచి పిల్లలు తల పైకెత్తి నిలుచుందురు. ఆ ఎత్తుకంటె దాని పునాది గొప్పది. ఆ కాలమున దేశములో కరవు వచ్చెను. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి ఊరక బిచ్చము పెట్టక, గుడి పనిలో కూలి యిచ్చి వారి కుటుంబములను నిలిపిరి. ఆ రాళ్లు మోసినవారిలో ఎందరి పేర్లో మనకు తెలియవు. మన తాతముత్తాతలవంటి బీదలే వారు. ఆకలిగొన్న చేతులు ఆ గుడిని కట్టినవని తెలిసికొన్న యౌవనస్థుడు, తన ఊరిలో ఆకలితోనున్న వానిని చూచి మొగము త్రిప్పుకొనగలడా?

ఒంగోలునొద్ద ప్రార్థన కొండయు ఉన్నది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారును మరి కొద్దిమందియు ఆ కొండనెక్కి తెలుగువారి నిమిత్తము ప్రార్థించిరి. వెంటనే ఏమియు జరుగలేదు. తరువాత క్లౌ దొరగారు వచ్చి పనిచేసిరి. గొప్ప కరవు వచ్చి పోయెను. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. ప్రార్థనకును కోతకును నడుమ ఇరువదినాలుగేండ్లు! పరీక్షలో ఒకసారి తప్పగానే, ఉద్యోగము దొరకకపోగానే నిరాశపడు మన బిడ్డలు ఆ కొండమీద నిలిచి ఈ లెక్క నేర్చుకొనుట మేలు.

మన సంఘపు యువకులిద్దరు హైదరాబాదు పాతబస్తీలో, యాకుత్‌పురాలో గది అద్దెకు తీసికొని పనిచేసికొనుచున్నారు. వారిలో ఒకడు పండుగకు వచ్చినప్పుడు నన్నడిగెను: “అయ్యగారూ, మా గల్లీల ఒక ముసలాయన హజ్‌కు పోయేముందు ఇల్లిల్లు తిరిగిండు. ఎవరికన్న బాకీ ఉంటె తీర్చిండు, ఎవరినన్న నొప్పిస్తె మాఫీ చెయ్యుమన్నడు. మా గదికి సుత వచ్చిండు. మనం మెదకు పోయేముందు గట్ల ఎవరింటికన్న పోతమా?”

మొహర్రము పదియవ దినమున దబీర్‌పురాలోని బీబీ కా అలావానుండి బయలుదేరు ఊరేగింపును, ఎండలో నడుచు జనమును వారు ఏటేట చూచుచుందురు. వారి విశ్వాసము వేరు, మనది వేరు. అయినను పొరుగువాని భక్తి మనలను మేలుకొలుపుటకు దేవుడు సెలవిచ్చును. నేను ఆ చిన్నవానితో, “బిడ్డా, నీవడిగినది మన ప్రభువు ముందే చెప్పినడు. కొండమీది ప్రసంగము చదువు,” అంటిని. అర్పణము బలిపీఠమునొద్దకు తెచ్చిన తరువాత సహోదరునికి నీమీద విరోధమున్నదని జ్ఞాపకమువచ్చినయెడల, దానిని అక్కడనే విడిచి ముందు అతనితో సమాధానపడుమని ప్రభువు ఆజ్ఞాపించెను (మత్తయి 5:23–24). ఆ చిన్నవాడు తల వంచుకొనెను. పొలము గట్టు విషయమై అన్నతో రెండేండ్లుగా మాటలు లేవని నాకు తెలియును. మెదకుకంటె అతని అన్న ఇల్లు దగ్గర. అయినను అది అతనికి దూరపు యాత్ర.

గనుక యౌవనస్థులారా, బయలుదేరకముందు మూడు సంగతులు యోచించుడి.

మొదటిది, అప్పుచేసి పోవద్దు. తల్లి మందులకు దాచిన రూపాయలతో బస్సు ఎక్కినవాని పాటలు దేవునికి ఇంపుగా ఉండవు. పోలేనివాడు ఊరి గుడిలో మోకరించినను దేవుని యెదుట తక్కువవాడు కాడు.

రెండవది, ఒంటరిగా పోవద్దు. బాలుడైన యేసు బంధుజనపు గుంపులో నడిచెను. ఒక వృద్ధుని, ఒక బీద పిల్లవానిని మీతో తీసికొనిపోవుడి. నడువలేనివాని చెయ్యి పట్టుకొనుట యాత్రలో సగము.

మూడవది, సెల్‌ఫోనులో గోపురము ఫొటో తీసి, పది నిమిషములలో తిరిగి రావద్దు. కొంతసేపు మౌనముగా కూర్చుండుడి. పట్టణపు రొదలో వినబడని దేవుని స్వరము అక్కడ వినబడవచ్చును. హోరేబు గుహలో ఏలీయా విన్నది గాలిలో కాదు, అగ్నిలో కాదు, మిక్కిలి నిమ్మళమైన స్వరములో (1 రాజులు 19వ అధ్యాయము).

తుదకు, యాత్ర ఫలించినదో లేదో తెలిసికొనుట ఎట్లు? మన వాక్యభాగము చూపుచున్నది. దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి, అందరు ఆశ్చర్యపడునట్లు మాటలాడిన బాలుడు అక్కడనే నిలిచిపోలేదు. నజరేతునకు తిరిగివచ్చి తలిదండ్రులకు లోబడియుండెను. ఆ తరువాత అనేక సంవత్సరములు వడ్రంగి పనిలో గడచెను. యెరూషలేములో కలిగిన వెలుగు నజరేతులో విధేయతగా కనబడెను. మెదకునుండి వచ్చిన కుమారుడు మరునాడు తల్లికి నీళ్లు తోడి యిచ్చినయెడల, అన్న గడపనెక్కి పలుకరించినయెడల, అప్పులవాని బాకీ తీర్చినయెడల, అతడు నిజముగా యాత్ర చేసివచ్చెను. అట్లు కానియెడల అతడు చూచివచ్చినది రాళ్లు మాత్రమే.

భూమిమీద మనమందరము పరదేశులమును యాత్రికులమునై యున్నాము (హెబ్రీ 11:13). మన త్రోవలను ప్రభువు కాపాడునుగాక. ఆమేన్.