చూచి దీవించిన మోషే

ధ్యాన భాగము: నిర్గమకాండము 39:32-43



డెన్మార్కు దేశములోని బిల్లుండ్ అను ఊరిలో 1932లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. రెండేండ్లకు తన పనికి లెగో అని పేరు పెట్టెను. డేనిష్ భాషలో ‘చక్కగా ఆడుకొనుము’ అను అర్థమిచ్చు రెండు మాటలనుండి ఆ పేరు వచ్చినది. నేడు లోకమంతట పిల్లలెరిగిన ప్లాస్టిక్ ఇటుక ఇప్పటి రూపమును 1958లో పొందినది. పైన బొడిపెలు, లోపల గొట్టములు ఉండును; ఒకదానిపై నొకటి పెట్టి నొక్కినచో జిగురు లేకయే పట్టుకొనును. ఎనిమిది బొడిపెలుగల ఒకే రంగు ఇటుకలు ఆరు ఉన్నచో, వాటిని 91,51,03,765 విధములుగా కూర్చవచ్చునని లెక్క కట్టియున్నారు!

పిల్లల కొరకు చేసిన ఈ ఇటుకలతో పెద్దవారును తమ తీరిక వేళలలో దేవాలయములు, వంతెనలు, ఓడలు, పక్షులు సొంత ఊహతో కట్టుచున్నారు. 2017లో బిల్లుండ్‌లో తెరచిన లెగో హౌస్ పైభాగమున ఇట్టివారి పనులను చూపుటకే ఒక శాల కలదు. అట్టి పనిని తానును కట్టుచుండువాడు చూచు రీతి వేరు. అతడు వంగి, దగ్గరకు పోయి, సూటి ఇటుకలతో ఈ గుండ్రని గోపుర మెట్లు వచ్చెనని వెదకును. ఏ ముక్క ఎక్కడ ఏ పనికి వచ్చెనో కనుగొని సంతోషించును. ఆ కంపెనీయే 2021లో తెచ్చిన చిన్న బోన్సాయ్ చెట్టులో పువ్వులుగా కనబడునవి నిజమునకు గులాబి రంగు కప్పబొమ్మలు! దగ్గరగా చూడనివానికి అది తెలియదు.

ఇప్పుడు అరణ్యములోని గుడారమునొద్దకు రండి. బెసలేలు, అహోలీయాబు అనువారు దేవుడిచ్చిన నేర్పుతో పని చేసిరి. స్త్రీలు మేకవెండ్రుకలు వడికిరి. సేవచేయు స్త్రీల అద్దములు కరగి గంగాళమాయెను. ముఖము చూచుకొను వస్తువు యాజకులు కడుగుకొను పాత్రయైనది. పని ముగిసిన తరువాత మోషే యేమి చేసెను? కొండమీద మాదిరిని చూచినవాడు తానే గనుక ఘనత తనదని చెప్పుకొనవచ్చును. అట్లు చేయక, వారు చేసిన పని అంతయు చూచి వారిని దీవించెను. మొదట చూచెను, తరువాత దీవించెను. చూడకయే పొగడుట ముఖస్తుతి. చూచియు నోరు మూసికొనుట లోభము.

సౌలు కూడ చూచెను. దావీదుకు కలిగిన కీర్తి విన్న దినము మొదలు అతనిని విషపు చూపు చూచెను (1 సమూ. 18:9). ఒకరి పనిని మన మేదో యొక చూపుతో చూతుము. అది మోషే చూపా, సౌలు చూపా?

మన సంఘములో ఆరాధనకు ముందు ఊడ్చువా రెవరు? ప్రభురాత్రి భోజనపు గిన్నెలు కడుగు సహోదరి ఎవరు? హార్మోనియము ఒక్కనాడు శ్రుతి తప్పినచో పదిమంది చెప్పుదురు. ఏడాదంతయు శ్రుతి కలిపినవానికి ఒక్కరును చెప్పరు. ఆదివారపు బడి ఉపాధ్యాయుడు రాని నాడే ఆయన యున్నట్లు మనకు జ్ఞాపకము వచ్చును. ఇట్లు ఎన్ని చేతులు మెల్లగా వెనుకకు పోయినవో! “ఆయన ఎందుకు రావడము లేదు?” అని తరువాత అడుగుదుము.

మెచ్చుకొనినచో గర్వించునేమో యని కొందరందురు. నేర్పు నిచ్చినది దేవుని ఆత్మయని నిర్గమకాండము 31వ అధ్యాయము చెప్పుచున్నది. కావున వరమును మెచ్చుకొనుట వరదాతను ఘనపరచుటయే. గర్వమునకు మందు మన మౌనమని వాక్య మెక్కడను చెప్పలేదు.

చదువరీ, ఈ నెలలో ఒక్కరి పనియొద్దకు వెళ్లుము. నిదానించి చూడుము. నీవు చూచినదేమో పేరు పెట్టి చెప్పుము: “అమ్మా, ఈ బల్లమీది గుడ్డ ఇంత తెల్లగా ఉతుకుటకు మీరెంత కష్టపడిరో!” అనుము. అంతియే చాలును.

మన చేతుల పనిని చూచుచున్న ప్రభువు, ఒకరి పనిని ఒకరము చూచి దీవించు కన్నులు మనకు దయచేయును గాక. ఆమేన్.