వస్తువునకును కాయకమున్నది

ఆయ్దక్కి మారయ్య శరణుని కథ వీరశైవ గృహములలో పిల్లలు సైతము ఎరిగినదే. 12వ శతాబ్దమున కల్యాణపట్టణమునందు బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వానితో జంగమదాసోహము నడుపుట ఆయన కాయకము. ఒకనాడాయన వాడుకకు మించిన బియ్యము తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ సంతసింపలేదు. ఎక్కువైన గింజలను ఎచ్చటనుండి తెచ్చిరో అచ్చటనే పోసి రమ్మని మగనిని మరల పంపెను. అక్కరకు మించి దాచుట భక్తునికి తగదని ఆ తల్లి భావము.

అట్లయినచో దాచినదెల్ల దురాశయేనా? పెద్దల గుర్తుగా దాచిన వస్తువు మాటయేమి? ఒక వృద్ధ గృహస్థునకు ఈ సందేహము కలిగి, ఇట్లు తీరినది.

ఆయన పెట్టెలో వెండి లింగకాయలు పదకొండు కలవు. ఒకటి తాత ధరించినది, ఒకటి తల్లి ధరించినది. తక్కిన తొమ్మిదియు ఉద్యోగకాలమున ఊరూర తిరుగుచు పనితనమునకు ముచ్చటపడి కొన్నవి. ఇష్టలింగము శరణునితోడనే సమాధిని చేరును. వెండికాయ ఇంట మిగులును. ఏటేట శివరాత్రినాడు వానిని విభూతితో తోమి, ఒక్కొక్కదాని కథ చెప్పి, మరల పెట్టెలో భద్రపరచుట ఆయనకు వేడుక.

మనుమరాలికి నర్సు చదువునకు చోటు దొరకెను. రుసుము కట్టవలసిన గడువు దగ్గరపడెను. అప్పు చేయుటకు మనసొప్పదు. అమ్ముటకు చేయి రాదు. పాతవస్తువుల వర్తకుడొకడు వచ్చి, తాత కాయకు మంచి వెల యిత్తుననియు, దానిని విదేశమునకు పంపెదననియు చెప్పెను. నూరేండ్లు దాటిన అట్టి కళావస్తువులను ఎవరికి వారు దేశము దాటించుట 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నేరము. ఆయన వర్తకుని పంపివేసెను గాని, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తెల్లవారినపిదప భార్య పెట్టె తెరచి, "ఏమండీ, ఈ పదకొండింటిలో లింగమున్నది దేనియందు?" అని అడిగెను. ఆయన ఉలికిపడెను. పదకొండును వట్టివే!

కాయకమును కైలాసముగా ఎంచిన మతమిది. మనుష్యునకు వలెనే వస్తువునకును కాయకమున్నది. లింగమును మోయుట లింగకాయ కాయకము. పెట్టెలో మూలుగునది, ఎంత పాతదైనను, పని మానిన సేవకుని వంటిది.

ఈ తలపు కలుగగానే దారి తేటపడెను. తాను కొన్నవానిలో ఏడింటిని అమ్మి, తక్కువపడిన సొమ్మును చేతి పొదుపుతో పూరించి రుసుము కట్టెను. రెండింటిని మఠమున కిచ్చెను. లింగమును గుడ్డలో కట్టుకొను పేదపిల్లలకు అవి చేరును. తాత కాయ కుమారుని మెడను చేరెను. తల్లి కాయను ధరించి మనుమరాలు వసతిగృహమునకు వెడలెను.

అమ్మినవానిలో పెండ్లియైన యేడు దంపతులిరువురు కలసి కొన్నదొకటి యుండెను. దానిని త్రాసులో వేసినపుడు ఆయన కన్ను చెమర్చెను. అది తప్పు గాదు. మమత పాపము గాదు. ఆ మమతకై ఒక బిడ్డ చదువు ఆగియున్నచో అది పాపమగును.

మరుసటి శివరాత్రికి పెట్టె ఖాళీగా నుండెను. తన రొమ్ముపైనున్న కాయ నొక్కదానినే ఆయన విభూతితో తోమి, లింగపూజకు కూర్చుండెను.