వార్త లేని వ్యంగ్యం

క్రిందటి సంవత్సరం మా కళాశాల వార్షికోత్సవంలో విద్యార్థులు ఒక చిన్న ప్రహసనం ఆడారు. రంగస్థలం మీద ఒక బల్ల, బల్ల వెనక వార్తలు చదివే యాంకరు, అటూ ఇటూ నలుగురు విశ్లేషకులు. ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందరూ ఒక్కసారే అరుస్తారు. మధ్య మధ్య యాంకరు "మా చానెల్లో మాత్రమే" అంటూ బల్ల గుద్దుతాడు. అసలు వార్త ఏమంటే, మా ఊరికి దగ్గర్లో ఉన్న ఒక సంక్షేమ వసతిగృహంలో పిల్లలు పాడైపోయిన అన్నం తిని జబ్బుపడటం. చర్చ మాత్రం, ఆ పూట వండిన వంకాయకూర అధికార పక్షానిదా ప్రతిపక్షానిదా అన్నదాని మీద నడుస్తుంది. సభ పగలబడి నవ్వింది. ముందు వరసలో కూర్చున్న నేను అందరికంటె గట్టిగా నవ్వాను. న్యాయనిర్ణేతల్లో నేనూ ఒకణ్ణి గనక, దానికి ప్రథమ బహుమతి ఇవ్వటంలో నా చెయ్యి కూడా ఉంది.

మర్నాడు తరగతిలో కన్యాశుల్కం చెబుతూ వ్యంగ్యానికి దృష్టాంతంగా ఆ ప్రహసనాన్ని ఎత్తుకున్నాను. మాటవరసకి, "ఇంతకీ ఎంతమంది పిల్లలు జబ్బుపడ్డారు?" అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. ప్రహసనం రాసిన కుర్రవాడు కూడా చెప్పలేకపోయాడు. "పేపర్లో స్వల్ప అస్వస్థత అని వేశారు సార్" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మా తమ్ముడు ఆ హాస్టల్లోనే ఉంటాడు సార్. అయిదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు" అంది. కొంచెం ఆగి, "నిన్న నేనూ నవ్వాను సార్" అని కూర్చుంది.

పత్రికలు, టెలివిజన్ చానెళ్ళు తమ పని తాము చెయ్యటం మానేశాయనీ, ఆ పని ఇప్పుడు వ్యంగ్య రచయితలు, వ్యంగ్య చిత్రకారులు, పేరడీ వార్తలు చదివేవాళ్ళు చేస్తున్నారనీ మన మిత్రుల్లో చాలామంది నమ్ముతున్నారు. మొన్నటిదాకా నేనూ నమ్మాను. ఆ అమ్మాయి మాట విన్న తర్వాత నాకు పట్టుకున్న సందేహం ఇది: వార్త చచ్చిపోయిన చోట వ్యంగ్యం బ్రతకగలదా? బ్రతికితే ఎవరికోసం బ్రతుకుతుంది?

వ్యంగ్యాన్ని చిన్నబుచ్చటం నా ఉద్దేశం కాదు. గురజాడను పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి, అంత కృతఘ్నత నాకు తగదు. అయితే మన భాషలో వ్యంగ్యం పత్రికలో ఎలా పుట్టిందో ఒకసారి గుర్తుచేసుకోవాలి. వీరేశలింగం 1874లో వివేకవర్ధని ప్రారంభించాడు. రెండేళ్ళకు హాస్యసంజీవనిని దానికి జతచేశాడు. ఈ జతచెయ్యటంలోనే అసలు విశేషం ఉంది. ఒక పక్క ఉద్యోగుల లంచగొండితనాన్ని గురించీ, కచేరీల్లో జరిగే అన్యాయాలను గురించీ ఆధారాలు చూసుకుని రాయటం. మరోపక్క అదే పెద్దమనుషుల మీద ప్రహసనాలు. వ్యవహార ధర్మబోధినిలో వకీళ్ళను చూసి నవ్విన పాఠకుడికి ఆ వకీళ్ళు ఎవరో తెలుసు. నాటకం చదివినవాడు మర్నాడు కచేరీకి పోతే ఆ పాత్రలు మెట్ల మీదే ఎదురవుతాయి. అంచేతనే ఆ నవ్వు పదునుగా తగిలింది. వీరేశలింగంలో ఉన్న విలేకరిని తీసివేస్తే, ప్రహసనకారుడు సగం మనిషైపోతాడు.

ఇవాళ ఆ విలేకరి ఏమైపోయాడు? దీనికి జవాబు మనుషుల నీతిలో వెతకటం మనకు అలవాటు: పూర్వం సంపాదకులు త్యాగధనులు, ఇప్పటివాళ్ళు అమ్ముడుపోయారు అంటూ. నాకీ వాదం మీద గౌరవం లేదు. మండలంలో పనిచేసే విలేకరి బ్రతుకు చూడండి. చాలా పత్రికల్లో అతనికి జీతమంటూ ఉండదు. అచ్చయిన వార్తకు ఏదో కొంత ముడుతుంది. పండక్కీ, నాయకుడి పుట్టినరోజుకూ అతనే ప్రకటనలు తేవాలి. ఏ మిల్లు యజమాని దగ్గర పొద్దున ప్రకటన అడిగాడో ఆ మిల్లు కాలవలోకి వదిలే మురికినీటిని గురించి సాయంత్రం రాయాలి. ఎలా రాస్తాడు? స్వల్ప అస్వస్థత అని రాస్తాడు. ఆ రెండు మాటలూ అతని అజ్ఞానం కాదు, అతని జీతభత్యాల పట్టిక.

వార్తకు బస్సు చార్జీ కావాలి. హాస్టలుకు పోయి పిల్లల్ని అడగాలి, ఆస్పత్రికి పోయి రిజిస్టరు చూడాలి, వార్డెన్ తలుపు తియ్యకపోతే బయట నిలబడాలి, మళ్ళీ మర్నాడు పోవాలి. పేరడీకి ఇవేవీ అక్కర్లేదు. ఒక గది, ఒక బల్ల, ఇద్దరు చమత్కారులు ఉంటే చాలు. ఇందులో ఎవరి కుట్రా లేదు. పెట్టుబడి తక్కువ, రాబడి ఎక్కువ. చానెల్ యజమానికి కూడా వ్యంగ్యం మీద ప్రేమ అందుకే పుట్టుకొచ్చింది. (తెలంగాణ పల్లె మాటను సినిమాలు చిరకాలం విలన్లకూ హాస్యగాళ్ళకూ కేటాయించాయి. ఆ మాటను వార్తలు చదివే బల్ల మీదికి తెచ్చిన తీన్మార్ వార్తల వంటి వాటికి ఒక నమస్కారం పెట్టవలసిందే. కాని భాషకు గౌరవం దక్కినంత మాత్రాన ఆ భాష మాట్లాడేవాడి గోడు అచ్చులోకి వచ్చినట్టు కాదు.)

పరిస్థితి ఇంకా విషమించిన ఘట్టం ఒకటుంది. 2009 ఎన్నికల్లో డబ్బు పుచ్చుకుని ప్రకటనలను వార్తలుగా అచ్చువేసిన వ్యవహారం బయటపడింది. మొట్టమొదట పట్టించుకున్నవాళ్ళలో ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్‌వాళ్ళు ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలో పత్రికలు తిరగేసి లెక్కలు తీశారు. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన కె. శ్రీనివాసరెడ్డి సభ్యుడు. వాళ్ళ నివేదికలో ఒక విడ్డూరం కనబడుతుంది: ఒకే పత్రికలో, ఒకే పుటలో, ప్రత్యర్థులైన ఇద్దరు అభ్యర్థులూ గెలిచితీరుతారని రెండు వార్తలు. ఏ ప్రహసనకారుడు దీన్ని మించి రాయగలడు? వ్యంగ్యమంటే ఉన్నదాన్ని కొంచెం పెంచి చూపటం. ఉన్నదే అంత పెరిగిపోతే పెంచటానికి చోటెక్కడ?

ఆ నివేదికకు పట్టిన గతి కూడా చెప్పుకోవాలి. 2010 ఏప్రిల్ నాటికి తయారైన 71 పుటల్లో పత్రికల పేర్లు పేర్లుగా ఉన్నాయి. జులైలో కౌన్సిల్ బయటపెట్టింది పేర్లు లేని కుదించిన ప్రతి. పూర్తి పాఠం బయటికి రావటానికి సమాచార హక్కు చట్టం కావలసివచ్చింది, 2011 వచ్చింది. ఆ ఏడాదిన్నరా అమ్ముడుపోయిన వార్తల మీద జోకులు ధారాళంగా నడిచాయి. వాటికి ఎవరూ అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పింది పేర్లకు.

వియన్నాలో కార్ల్ క్రౌస్ అనే ఆయన 1899 నుంచి 1936లో చనిపోయేదాకా "కాగడా" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పత్రిక నడిపాడు. చాలా ఏళ్ళు దాదాపు తానొక్కడే రాశాడు. ఆయన సాధనం చాలా సులువైనది: ఇతర పత్రికల వాక్యాలను కత్తిరించి, ఉన్నవి ఉన్నట్టుగా తన పత్రికలో పెట్టటం. మొదటి ప్రపంచ యుద్ధపు అబద్ధాలను ఆ విధంగా ఎండగట్టాడు. అంతటివాడు 1933లో, హిట్లర్ వచ్చిన ఏడాది, ఒకే ఒక్క సంచిక వేశాడు. అది నాలుగు పుటలు. నాజీలను గురించి పెద్ద గ్రంథమే రాసి, అచ్చుకివ్వకుండా దాచుకున్నాడు. చాలామంది దీన్ని పిరికితనం అన్నారు. నేననను. తన ఆయుధం ఎక్కడిదాకా పోతుందో తెలిసినవాడు ఆయన.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది, నా సహోపాధ్యాయుడొకాయన దాన్ని నా ముందు పెట్టాడు. "నవ్వు అంత నిరపాయకరమైతే ప్రభుత్వాలు వ్యంగ్యచిత్రాలకు ఎందుకు భయపడతాయి? ఎమర్జెన్సీ మాటేమిటి?" అన్నాడు. నిజమే. 1975 జూన్ 28న టైమ్స్ ఆఫ్ ఇండియా బొంబాయి ప్రతిలో, మరణ ప్రకటనల మధ్య, ప్రజాస్వామ్యమనే పెద్దమనిషి జూన్ 26న కాలం చేశాడనీ, ఆయన సత్యానికి భర్త, స్వేచ్ఛకు తండ్రి అనీ పేర్లు విరిచి రాసిన ప్రకటన సెన్సారు కన్నుగప్పి అచ్చయింది. ఆ డిసెంబరులో అబూ అబ్రహాం, రాష్ట్రపతి స్నానాలతొట్టిలోంచే ఆర్డినెన్సుల మీద సంతకం పెడుతున్నట్టు బొమ్మవేశాడు. ఆ రెండూ ఇవాళ్టికీ తలచుకుంటున్నాం.

ఎందుకు తలచుకుంటున్నాం? ఆ బొమ్మ చూసినవాడికి అసలు సంగతి ముందే తెలుసు గనక. అర్ధరాత్రి సంతకం, తెల్లవారేసరికి అరెస్టులు దేశమంతా ఎరుగుదురు. నోటితో అనటానికే వీల్లేదు. అనరానిదాన్ని వ్యంగ్యం అన్నది. తెలియనిదాన్ని అది తెలియజెయ్యలేదు. అదే 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులు అన్నది పోలీసుల మాట. ఆ మాట మీద అబూ అబ్రహాం అయినా ఏ బొమ్మ వెయ్యగలడు? 1977లో తార్కుండే కమిటీ వచ్చి, మనుషుల్ని కలిసి, సాక్ష్యాలు పోగుచేసి, వాళ్ళను ముందే పట్టుకుని తర్వాత కాల్చారని తేల్చేదాకా, నవ్వటానికీ ఏడవటానికీ కూడా దేశం చేతిలో నిజం లేదు. నిజాన్ని తెచ్చినవాళ్ళు చమత్కారులు కారు. పల్లెలకు నడిచి వెళ్ళినవాళ్ళు.

మన వైపు సంగతి కూడా చెప్పకపోతే ఇదంతా పక్షపాతమవుతుంది. సోవియట్ యూనియన్‌లో క్రొకొడీల్ అనే హాస్యపత్రిక 1922లో పుట్టింది. తాగుబోతు మేనేజర్లు, లంచగొండి గుమాస్తాలు, పాడైన ట్రాక్టర్లు, అన్నిటి మీదా విసుర్లే. పై అంతస్తు మీద మాత్రం ఒక్క విసురూ పడలేదు. 1953 జనవరిలో డాక్టర్ల కుట్ర అనే అబద్ధాన్ని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ పత్రిక అదే అబద్ధానికి బొమ్మలు గీసింది. ఎవరి మీద నవ్వాలో పైనుంచి ఉత్తరువు వచ్చిన చోట, నవ్వు పోలీసు లాఠీకి తమ్ముడు. ఆ పత్రికను మెచ్చుకునే వ్యాసాలు మనవాళ్ళు రాయకపోలేదు. ఇవాళ మనం ఫోన్లలో ఒకరికొకరం పంపుకునే మతతత్వవాదుల మీది జోకులకు ఆ బలహీనత లేదనగలమా? రోజుకు పది పంపుకుంటాం. ఒక్కదానికైనా వెనక ఏం జరిగిందో, ఏ ఊళ్ళో జరిగిందో అడుగుతామా? జోకు పంపగానే పోరాటంలో మన వంతు అయిపోయినట్టు గుండె తేలికపడుతుంది. ఆ తేలికే నాకు ఇప్పుడు భయం పుట్టిస్తున్నది.

ఆ అమ్మాయీ, ప్రహసనం రాసిన కుర్రవాడూ, ఇంకో ఇద్దరూ కలిసి ఒక ఆదివారం ఆ హాస్టలుకు వెళ్ళారు. నేను వెంట వెళ్ళలేదు. నాది తాత్కాలిక ఉద్యోగం. పందొమ్మిది మంది పిల్లలు జబ్బుపడ్డారు. అందులో ఏడుగురు మూడు రోజులకు మించి ఆస్పత్రిలో ఉన్నారు. బియ్యం బస్తాలు తడిసిన గదిలో ఉన్నాయనీ, నీళ్ళ తొట్టి కడిగి రెండు నెలలయిందనీ వంటమనిషి చెప్పింది. ఇవన్నీ ఒక కాగితం మీద, ఒక్క విశేషణమైనా లేకుండా రాసి, మా గోడపత్రికలో అంటించారు. అంటించేముందు నాకు చూపించారు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆ కాగితం గోడ మీద లేదు. ప్రహసనానికి బహుమతిగా ఇచ్చిన షీల్డు మాత్రం, దాని పక్కనే ఉన్న అద్దాల బీరువాలో, ఇవాళ్టికీ ఉంది. పైవారు నన్ను పిలిపించి, "ఇది మీరు చూశారా?" అని అడిగారు. అక్షరదోషాలు మాత్రమే దిద్దానని చెప్పాను. అది అబద్ధం కాదు. అంతకంటె హీనమైన జవాబు నా జీవితంలో చెప్పిన గుర్తు లేదు.

కుర్రవాడు ఈ కాగితం మాయమవటం మీద ఇంకో ప్రహసనం రాస్తానన్నాడు. చాలా బాగా రాస్తాడు, నాకు తెలుసు. అమ్మాయి వద్దంది. అదే కాగితాన్ని తిరిగి రాసి, ఈసారి కింద నలుగురూ పేర్లు పెట్టారు. అయిదో గీత ఖాళీగా ఉంచి నా దగ్గరికి తెచ్చి, "మీ పేరు రాయమంటారా సార్?" అని అడిగింది. మర్నాడు చెబుతానన్నాను. రాయమని చెప్పటానికి నాకు ఒక రాత్రి పట్టింది.