పంజరములోని రామచిలుక: పెట్టిన పండు దానమా, ఋణమా?

సికింద్రాబాదు మోండా మార్కెట్టునకు పోయి కూరలు, పండ్లు కొని తెచ్చుకొనుట ఆ నగర గృహస్థులకు తరతరముల అలవాటు. తెచ్చిన పండ్లలో మేలైనది భగవదారాధనకు వేరుగ నుంచబడును. నివేదనమైన పిమ్మట ఇంటిల్లిపాదికిని ప్రసాదము పంచబడును. వసారాలో పంజరము వ్రేలాడు ఇండ్లలో చివరి ముక్క రామచిలుకకు చేరును. ఆ జామముక్కను చిలుక కాలితో పట్టుకొని, తల ఒకవైపునకు వంచి, మెల్లమెల్లగా కొరికి తినుచుండగా చూచుట పిల్లలకు వేడుక, పెద్దలకు తృప్తి. నోరులేని జీవికి కడుపునిండ పెట్టితిమను సంతోషముతో ఇల్లాలు లోనికి పోవును.

ఆ తృప్తి ఎంతవరకు న్యాయమైనది? పంజరములోని పక్షికి పెట్టిన పండు దానమగునా? ఆ పండు వలన పుణ్యము లభించునా? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని భక్తుల ఇండ్లలో ప్రతిదినము జరుగు చిన్న పనులయందే ధర్మసూక్ష్మములు దాగియుండును.

సికింద్రాబాదునకు కొన్ని మైళ్ల దూరముననే గోలకొండ దుర్గము కలదు. అందులో భద్రాచల రామదాసు బంధింపబడిన చెరసాల అని యాత్రికులకు నేటికిని ఒక చీకటి గదిని చూపుదురు. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న, 1672 మొదలు గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండెను. సర్కారు పైకమును శ్రీరామచంద్రుని ఆలయమునకు వినియోగించిన కారణమున ఆయన చెరసాల పాలయ్యెను. పండ్రెండు సంవత్సరములు ఆయన ఆ చెరలో మగ్గెనని సంప్రదాయము చెప్పుచున్నది.

అంతటి భక్తునకు అంతటి కష్టమేల కలిగెను? దీనికి తెలుగువారి ఇండ్లలో చెప్పుకొను సమాధానమొకటి యున్నది. పూర్వజన్మమున ఆయన ఒక చిలుకను పంజరమున బంధించెననియు, ఆ కర్మఫలమే ఈ జన్మమున చెరసాలగా వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఈ కథలో గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ చిలుకను పస్తు పెట్టుట వలనగాని, కొట్టుట వలనగాని దోషము కలిగినట్లు కథ చెప్పదు. ముద్దుగనే పెంచియుండవచ్చును, తీయని పండ్లే పెట్టియుండవచ్చును. దోషమంతయు బంధించుటయందే యున్నది. పెట్టిన పండ్లు బంధించిన దోషమును తుడిచివేయలేదు. రామనామము విడువని రామదాసునకే ఆ లెక్క తప్పలేదన్నచో, సామాన్య గృహస్థు తన లెక్కను ఒకమారు చూచుకొనవలసియే యున్నది.

శ్రీవైష్ణవ సిద్ధాంతము ఈ విషయమును మరింత లోతుగా తెలుపుచున్నది. జీవులెల్లరు శ్రీమన్నారాయణునకు శేషభూతులు. ఆయన ఒక్కడే శేషి. తన ఆత్మ తనదేయని భావించుట ఆత్మాపహారమని, అది దొంగతనములన్నిటిలో పెద్దదని ఆచార్యులు బోధించిరి. తన ఆత్మయే తనది కానప్పుడు చెట్టుతొఱ్ఱలోనుండి తెచ్చిన పక్షి ఆత్మ తనదెట్లగును? ఆ చిలుకయు నారాయణుని సొత్తే. స్వామి సొత్తును పట్టి తెచ్చి దాచుకొని, దానికి రోజు కొక పండు పెట్టి, దాతనని తలచుట వివేకము కాదు. ఒకని గోవును తోలుకొనివచ్చి దానికి గడ్డివేసిన వానిని లోకము గోదాత యనునా?

ఇచట భక్తులకు ఒక సందేహము కలుగుట సహజము. ఆండాళ్ తల్లి వామహస్తమున చిలుక లేదా? అంతేకాదు, నాచ్చియార్ తిరుమొళి పండ్రెండవ దశకములో గోదాదేవియే తన పంజరపు చిలుకను ప్రస్తావించినది. అది ఎల్లప్పుడు గోవిందనామమునే పలుకుచుండుననియు, ఆహారము పెట్టక శిక్షించినను భగవన్నామమునే బిగ్గరగా పిలుచుననియు ఆమె చెప్పినది. తల్లి ఇంటనే పంజరముండగా భక్తుల ఇంట నుండుట తప్పెట్లగునని అడుగవచ్చును.

సందేహము గౌరవింపదగినదే. కాని ఆ పాశురము చివర ఆమె ఏమి వేడుకొన్నదో కూడ చూడవలెను. తనను ద్వారకకు చేర్చుడని ఆమె బంధువులను ప్రార్థించినది. ఇంటిలో నిర్బంధింపబడి స్వామి సన్నిధికి పోలేక తపించు కన్యకకు, పంజరములోనుండి స్వామిని పిలుచు చిలుక తోడైనది. ఇరువురిదియు ఒకే పిలుపు. ఆ పాశురము పంజరమునకు అనుమతిపత్రము కాదు. విడుదల కొఱకు చేసిన విన్నపము. ఇక శ్రీవిల్లిపుత్తూరులో అమ్మవారి చేతిపై నుండు చిలుక ప్రాణమున్న పక్షి కాదు. దానిని ప్రతిదినము ఆకులతోను, పూలతోను క్రొత్తగా తయారుచేయుదురు. దానిమ్మపువ్వు దానికి ముక్కగును. ఆ చిలుకకు చెఱ లేదు.

మరియొక వాదము కూడ వినవచ్చును. అడవిలో డేగ భయము, ఆకలి భయము గల చిలుకకు ఇంటిలో రక్షణయు, నామశ్రవణమును లభించుచున్నవి గదా యందురు. చెరలో కూర్చుండి రామదాసు పాడిన కీర్తనలు నేటికిని లోకమును తరింపజేయుచున్నవి. అంత మాత్రమున చెరసాల పుణ్యస్థలమని ఎవరును మరియొక భక్తుని అందులో నుంచరు. కీర్తన గొప్పది, తాళము గొప్పది కాదు.

ధర్మమునకు తోడు రాజశాసనమును ఈ మార్గమునే చూపుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు రామచిలుకలను పట్టుటగాని, అమ్ముటగాని, ఇంట పెంచుటగాని నేరము. కొందరు పుణ్యము కొఱకు చిలుకలను కొని విడిచిపెట్టుదురు. వారి మనస్సు మంచిదే. కాని కొనువాడున్నంత కాలము పట్టువాడుండును. ఒక చిలుకకు ఇచ్చిన వెల మరియొక చిలుకకు వల యగును.

మరి ఇప్పటికే ఇంట చిలుక యున్నచో ఏమి చేయవలెను? పశ్చాత్తాపముతో తలుపు తెరచి తరిమివేయుట పరిష్కారము కాదు. ఱెక్కలు కత్తిరింపబడినది ఎగురలేదు. ఏండ్లతరబడి మనుష్యుల నడుమ పెరిగినది మేత వెదకుకొనలేదు, పిల్లిని చూచి భయపడుటయు ఎఱుగదు. దానిని అటవీశాఖవారికి అప్పగించుటయే తగిన మార్గము. ఆస్ట్రేలియా నుండి వచ్చిన బడ్జీలు, కాకటీలులు, ఆఫ్రికా నుండి వచ్చిన లవ్ బర్డ్స్ సంగతి వేరు. అవి పంజరములలోనే తరతరములుగ పుట్టిన జాతులు. వానిని మన చెట్లపైకి విడుచుట మరణమునకు పంపుటయే. అట్టి పక్షి బ్రతికినన్నాళ్లు దాని భారము యజమానిదే. అచట పండు దానము కాదు, తీర్పవలసిన ఋణము. ఋణము తీర్చువాడు చెల్లని నాణెము నీయరాదు.

ఆ ఋణము సరిగా తీరుటకు కొంత జ్ఞానము కావలెను. కేవలము కొఱ్ఱలు, ప్రొద్దుతిరుగుడు గింజలు పెట్టుచుండుట పలువురు చేయు పొరపాటు. అట్టి మేతలో విటమిన్ ఎ, కాల్షియము చాలవు. ప్రొద్దుతిరుగుడు గింజలలో క్రొవ్వు కూడ అధికము. దానితోనే ఏండ్లు గడపిన పక్షులకు కాలేయము చెడును, శ్వాసవ్యాధులు కలుగును. క్యారెట్టు, గుమ్మడి, మునగాకు, తోటకూర, కొత్తిమీర, లేత మొక్కజొన్న, చిక్కుడు వంటివి ప్రతిదినము కొద్దికొద్దిగా పెట్టవలెను. జామ, బొప్పాయి, దానిమ్మ, మామిడి మంచివే. తీపి ఎక్కువ గనుక పండ్లకన్న కూరల పాలు హెచ్చుగా నుండవలెను. పచ్చిమిరపకాయ పెట్టుటకు జంకనక్కరలేదు; మనుష్యుల నాలుకకు తెలియు ఆ మంట పక్షులకు తెలియదు. క్రొత్త ఆహారమును ఒక్కసారిగా గాక క్రమముగా అలవాటు చేయవలెను.

పెట్టరానివి కూడ కలవు. అవకాడో పండు పక్షులకు విషము. చాక్లెట్టు, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన పిండివంటలు హాని చేయును. ఆపిల్ పండు గింజలను తీసివేయవలెను. పాలలోని చక్కెరను పక్షులు జీర్ణించుకొనలేవు. ప్రసాదమను భక్తితో లడ్డూ పలుకో, పాలకోవా ముక్కయో వేయువారు కలరు. భక్తికి లోపము లేదు. కాని స్వామికి నివేదించిన పండు ఉండగా ఆ జీవికి అదియే తగిన ప్రసాదము. మందు చల్లిన పంటలెక్కువైన ఈ కాలమున పండ్లను, కూరలను బాగుగ కడిగి పెట్టవలెను. ఎండకాలములో తినక మిగిలినదానిని ఒకటి రెండు గంటలలో తీసివేయవలెను, గిన్నెను ప్రతిదినము కడుగవలెను. వాడిన ఆకు, చివికిన పండు చిలుక పాలు చేయుట ఋణము తీర్చుట కాదు. దేవునికి పెట్టరానిది దేవుని సొత్తైన జీవికిని పెట్టరాదు.

పంజరము లేకయే చిలుకకు పండు పెట్టు మార్గము కూడ ఒకటి కలదు. సికింద్రాబాదు పాత పెరళ్లలో జామచెట్టున్న ఇంటికి చిలుకలు పిలువకయే వచ్చును. స్థలమున్నవారు ఒక చెట్టు నాటవచ్చును. ఉన్నవారు పై కొమ్మల కాయలను కోయక విడువవచ్చును. తొఱ్ఱగల పాత చెట్టును నరుకకుండుట అన్నిటికన్న మేలు; చిలుక గూడు అందులోనే యుండును. అచట పండు పెట్టువాడు చెట్టును నాటినవాడే, కాని తినుట, పోవుట చిలుక ఇష్టము. ఫలమును ఆశింపక చేయు కర్మకు ఇంతకన్న సులభమైన అభ్యాసము గృహస్థునకు అరుదు.

చిలుక కొట్టిన పండు తీయనిదని మన పల్లెలలో చెప్పుదురు. శ్రీమద్భాగవతమును పక్వఫలముతోను, దానిని పరీక్షిత్తునకు వినిపించిన శుకమహర్షిని చిలుకతోను పోల్చుట పెద్దల సంప్రదాయము. అచట చిలుక పుచ్చుకొనునది కాదు, లోకమునకు ఇచ్చునది. ఆ శుకుడు ఏ ఇంటను నిలువక సంచరించిన అవధూత. చిలుకకు పండు పెట్టితినని తృప్తిపడు గృహస్థు ఈ సంగతి నొకమారు తలచుకొనినచో, తన చేతిలోని పండును చూచుటకు ముందు పంజరపు తలుపును చూచును.