షష్టిపూర్తికి ముందు

60 సంవత్సరముల చక్రము తిరిగి, పుట్టిన సంవత్సరపు పేరే మరల వచ్చినపుడు షష్టిపూర్తి చేసికొందుము. ఆలోపల తీరవలసిన కోరికలకు కొందరు పట్టిక వ్రాసికొందురు: కాశీయాత్ర, చిల్కా సరస్సున కాళీజాయి దర్శనము, మహేంద్రగిరి ఆరోహణము. తప్పేమియు లేదు, మోకాళ్ళు సహకరించుచుండగనే కొండ నెక్కవలెను గదా!

కాని మన గంజాములోనే, ఋషికుల్య యొడ్డున, జౌగడ శిలపై అశోకుడు తన ప్రయత్నమంతయు ప్రాణికోటి ఋణము తీర్చుకొనుటకే యని చెక్కించెను. ఈ పట్టికలలో ఋణములకు చోటేది? 1936లో బరంపురము ఒరిస్సాలో చేరిన పిదప మనలో పెక్కుమందికి తెలుగు అక్షరములు బడిలో గాక ఇంటనే, పెద్దల చేతిమీదుగా అబ్బినవి. తీర్చవలసిన అప్పది. మనుమరాలిచే ఓనమాలు దిద్దించుటను ఏ పట్టికయందును నేను చూడలేదు. అది యొక్క దినమున ముగియదు, ఛాయాచిత్రమునకును అందదు, అందువలననే కాబోలు.